పాలపళ్ల సాక్ష్యం

బైండింగు షాపు
జూన్ 9

అన్నయ్యకి,

ఇక్కడ అందరం క్షేమం, మా పిల్ల పిడుగు కింది పన్ను ఒక్కటి తప్ప. అది కదులుతోంది.

మొన్న ఆపిల్ ముక్క కొరుకుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమైందే అంటే తల అడ్డంగా ఊపింది. నోరు తెరవమంటే రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. బతిమాలాను, బెదిరించాను, చివరికి చక్కిలిగిలి పెట్టి నవ్వించి చూశాను. ముందుపన్ను ఊయల ఊగుతోంది. నేను చూశానని తెలియగానే అది ఏడ్చిన ఏడుపు వింటే పన్ను కాదు, కాలు విరిగిందనుకోవాలి. పేరుకి పిడుగు అని పిలుచుకుంటున్నాం గానీ, వచ్చి రెండేళ్లు కావస్తున్నా దాని నోట ఉరుము కూడా విన్నది లేదు. ఇల్లెగిరిపోయేలా ఏడవడం ఇదే మొదలు.

నాలుగున్నరేళ్ల పిల్లకి పన్ను కదలడమేమిటి? ఆరేళ్లు నిండితే గానీ ఊడవని పక్కింటి టీచరమ్మ అంటోంది. ఒంట్లో బలం లేకనా? ఏదైనా జబ్బా?

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. నువ్వు ఫోనులో నవ్వించి నవ్వించి మాట మార్చేస్తావు. ఎందుకు చేశానో మరిచిపోయి పెట్టేస్తాను. కాగితం మీద నీ పప్పులు ఉడకవు. జవాబు షాపు అడ్రసుకే రాయి. ఇంటికి రాస్తే మా అత్తగారికి చదివి వినిపించాలి, ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. "తెచ్చుకుంటే మూడేళ్ల లోపు పిల్లని తెచ్చుకోండి. అంతకు మించితే పాత ఇల్లు, పాత అమ్మ అన్నీ జ్ఞాపకం ఉంటాయి. మనం ఎంత చేసినా పరాయివాళ్లమే" అని ఆవిడ షరతు. అందుకే కదా ఆ రోజు నిన్ను పనిగట్టుకుని పిల్లల ఆశ్రమానికి రప్పించాం. పిల్ల వయసు తమకే తెలియదని అక్కడివాళ్లు చేతులెత్తేస్తే, నువ్వు సంతలో దూడ పళ్లు చూసినట్టు దాని నోరు చూసి, "రెండేళ్ల పది నెలలు" అని నెలలతో సహా తేల్చావు. నీ మాట మీద మీ డాక్టరుగారు సంతకం పెట్టారు. కట్టుడుపళ్లు చేసేవాడి లెక్క తప్పదని అందరం నమ్మాం.

దానికి వెనకటి సంగతి ఒక్కటీ గుర్తు లేదు. నేనే దాని అమ్మని. ఈ పన్ను సంగతి మాత్రం త్వరగా తేల్చు.

నీ చెల్లెలు


కట్టుడుపళ్ల గది
జూన్ 15

చెల్లాయికి,

నీ ఉత్తరం అందేసరికి నా చేతిలో పద్నాలుగు పళ్లున్నాయి. అన్నీ ఒక రిటైరైన తాసిల్దారుగారివి. ఆయనకి తన పాత పళ్లలాగే కొంచెం వంకరగా కావాలట. తిన్నగా చేస్తే భార్య గుర్తుపట్టదని భయం. మా డాక్టరుగారు నోళ్లు చూస్తారు, నేను పళ్లు చేస్తాను. పేరు ఆయనకి, ప్లాస్టరు దుమ్ము నాకు.

పళ్ల గురించి నాకే చెబుతున్నావా? అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా! కంగారు పడకు. పాలపళ్లు ఆరో నెలకి అటూ ఇటూగా మొదలవుతాయి. మూడేళ్లు వచ్చేసరికి ఇరవై పూర్తవుతాయి, పైన పది, కింద పది. ఆ తర్వాత కొన్నాళ్లు పైకి ఏమీ జరిగినట్టు కనిపించదు. లోపల మాత్రం పెద్దపన్ను పైకి వస్తూ పాలపన్ను వేరుని కరిగించుకుంటూ ఉంటుంది. వేరు పోయాక పన్ను నిలబడలేదు, కదులుతుంది. అది జబ్బు కాదు, పెరగడం.

ఆరేళ్లన్నది పుస్తకం మాట. కొందరికి ముందు, కొందరికి వెనక. మన వంశంలో అందరికీ ముందే. నాకు నాలుగేళ్ల ఎనిమిది నెలలకే ఊడిందని నాన్న చెప్పేవాడు. నీకూ అంతే. రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది?

లాగకండి. నాలుకతో అదే తోసుకుంటుంది. దాన్ని నోరు తెరవమని ఎవరూ ఒత్తిడి చెయ్యొద్దు. ఎవరేం అడిగినా మామయ్యని అడగమని చెప్పమను.

మీ అత్తగారికి నేను చేసిన పళ్ల సెట్టు ఎలా ఉంది? ఇంకా కింద గుచ్చుకుంటోందా? అలవాటైపోతుందని చెప్పు.

నీ అన్నయ్య


ఇంటి నుంచి
జూన్ 23

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివాక నాకు ఎంత తేలికైందంటే, ఇంత మంచి ఉత్తరాన్ని షాపులో ఒక్కదాన్నే చదువుకోవడం పాపమనిపించింది. ఇంటికి తెచ్చి అత్తగారి ముందు గట్టిగా చదివాను.

ఆవిడ అంతా విని ఊరుకున్నారనుకున్నావా? "మీ వంశంలోనే ఏంటి, మా వంశంలోనూ అంతే. మావాడికి నాలుగు నిండగానే రెండు పళ్లు ఊడాయి. పిల్లది మా పోలిక" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "పళ్ల వరస చూడండి అత్తయ్యా, అచ్చం మా నాన్నది" అన్నాను. "మీ నాన్నకి ఎత్తుపళ్లు. దీనివి ముత్యాలు" అన్నారు. మాటకి మాట పెరిగింది. కూర పొయ్యి మీద అడుగంటింది. అరగంట సేపు ఇద్దరం పంతానికి పోయి, పిల్ల పళ్లు ఎవరి వంశానివో పంచుకున్నాం. ముందుపళ్లు వాళ్లకి, దవడపళ్లు మాకు అన్న ఒప్పందం దగ్గరికి వస్తుండగా మీ బావ బస్సు డిపో నుంచి వచ్చారు. చేతులకంటిన టైరు మసి కడుక్కుంటూ అంతా విని, "ఎవరి పోలికే? ఆ పిల్లని మనం తెచ్చుకున్నాం కదా" అన్నారు.

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ గోడ వైపు చూశారు. కాసేపటికి, "అయితే ఏంటి?" అని కొడుకుని కసిరి లోపలికి వెళ్లిపోయారు.

మేం ఇద్దరం మరిచిపోయామంటే అర్థముంది. పళ్ల గురించి అన్నీ తెలిసిన నువ్వెలా మరిచిపోయావు?

పిడుగు మాత్రం అంతసేపూ బల్ల కింద కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది. ఉత్త సిగ్గరి. చదువులో మాత్రం తిరుగులేదు. బడిలో దానంత తెలివైన పిల్ల లేదట. నాలుగున్నరేళ్లకి రెండంకెల కూడికలు చేస్తోందని టీచరు ముక్కున వేలేసుకుంది. మేధావి అవుతుందట. అది కూడా ఎవరి పోలికో అడగబోయి నాలుక కరుచుకున్నాను.

నీ చెల్లెలు


కట్టుడుపళ్ల గది
జూలై 1

చెల్లాయికి,

తాసిల్దారుగారి పై వరస బల్ల మీద బోర్లించి నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. నిజంగానే మరిచిపోయాను. రక్తం అని రాస్తున్నప్పుడు కూడా గుర్తు రాలేదు.

పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. ఉంటాను.

అన్నయ్య


బైండింగు షాపు
జూలై 30

అన్నయ్యకి,

పిడుగుకి దవడ చివర వాచింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. అది నోరు తెరవనంటుంటే మీ బావ ఎత్తుకుని ఇక్కడి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక మనిషి. అద్దం ఇచ్చి, "నీ నోరు నువ్వే చూసుకో, నేను పక్కనుంచి చూస్తా" అంది. అలా తెరిపించింది.

చూసి ఏమందో తెలుసా? "ఇది కొత్త దవడపన్ను. పాలపళ్లన్నిటికీ వెనక వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి ఇది కూడా పాలపన్నే అనుకుని చాలామంది పట్టించుకోరు. పుచ్చిపోయాక 'ఊడిపోయేదే కదా' అని పీకించేస్తారు. ఇది మళ్లీ రాదు, జన్మంతా ఉండాలి. వెనక దాకా తోమించండి. పాపకి ఆరేళ్లు నిండాయా?"

నాలుగేళ్ల ఏడు నెలలన్నాను.

ఆవిడ నవ్వలేదు. పిల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. "కాగితం ఒకసారి చూసుకోండి. ఒక పన్ను తొందరపడొచ్చు. ముందు పన్నూ వెనక పన్నూ కలిసి అబద్ధం చెప్పవు" అంది.

ఇప్పుడు తిన్నగా అడుగుతున్నాను, తిన్నగా చెప్పు. ఆ రోజు నువ్వు దాని నోట్లో ఏం చూశావు? మీ బావ తప్ప ఈ మాట ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తగారికి తెలిస్తే ఆ షరతు మళ్లీ మొదటికొస్తుంది. ఆవిడ పిల్లని గెంటేస్తారని కాదు. ఆ పిల్ల వైపు చూసే చూపు మారిపోతుందని నా భయం. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది, అది కాగితం మీద పెట్టను.

నీ చెల్లెలు


కట్టుడుపళ్ల గది
ఆగస్టు 6

చెల్లాయికి,

ఆ డాక్టరమ్మ మంచి డాక్టరు. వెనక దాకా తోమించు. చిన్న బ్రష్షు కొను, పెద్దది వెనక్కి తిరగదు. తీపి తిన్నాక నోరు పుక్కిలించమను.

అత్తగారి సెట్టు రాత్రిళ్లు నీళ్లలో వేస్తున్నారా? ఎండబెట్టకూడదు, వంపు తిరుగుతుంది. పోయినసారి పంపిన పౌడరు వాడుతున్నారా?

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. ప్లాస్టరు ఆరడం లేదు.

అన్నయ్య


బైండింగు షాపు
ఆగస్టు 20

అన్నయ్యకి,

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేతకి అన్నాడట. నేను పిల్ల వయసు అడిగితే నువ్వు వాన సంగతి రాస్తావా? సరే, నీ సంగతి తర్వాత. ముందు ఇది విని నవ్వుకో.

కదిలే పన్ను మొన్న ఊడింది. ఊడిందని మాకెవరికీ తెలియదు. బడి వదిలాక పిడుగు రోజూ షాపుకి వస్తుంది కదా, నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని కాగితాలు సర్దుతుంది. మొన్న వచ్చి, సర్దకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను రిజిస్టర్ల వీపులకి గుడ్డ అతికిస్తూ పట్టించుకోలేదు. కాసేపటికి చూస్తే పిండి జిగురు గిన్నెలో చిన్న చిన్న వేళ్ల గుర్తులు. పిల్ల గడ్డమంతా జిగురు. పెదాలు బిగించి, ముక్కుతో ఊపిరి తీస్తూ, కదలకుండా కూర్చుంది.

ఊడిన పన్నుని జిగురు పెట్టి మళ్లీ అతికించుకుంది, అన్నయ్యా! మనం పుస్తకానికి అట్ట వేశాక ఆరేదాకా కదపకూడదని నేనే నేర్పాను. ఆరేదాకా కదలకూడదని కూర్చుంది.

షాపులో అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. బైండరు కూతురు అనిపించుకుందని మా మేస్త్రీ మెచ్చుకున్నాడు. నోరు కడిగించబోతే పన్ను నా చేతిలో పడింది. అప్పుడు అది ఏడవలేదు. నా చేతిలో ఉన్న పన్నుని చూసింది, తర్వాత గుమ్మం వైపు చూసింది. ఇంటికి వెళ్లాక దాని గౌన్లు రెండు మడిచి బడి సంచిలో పెట్టుకుంది. ఎందుకే అంటే ఊరికే అంది.

అది ఏం ఆటో నాకు అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైతే రాయి.

నీ చెల్లెలు


కట్టుడుపళ్ల గది
ఆగస్టు 24

చెల్లాయికి,

పొయ్యి మీద కరుగుతున్న మైనం మాడి గదంతా పొగ కమ్మింది. నీ ఉత్తరం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నవ్వుకో అని రాశావు. నా వల్ల కాలేదు. అది ఆట కాదు. గౌన్లు ఎందుకు సర్దుకుందో ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. పన్ను ఊడితే మీరు దాన్ని పంపించేస్తారని అనుకుంటోంది. అలా అనుకునేలా చేసింది నేనే.

ఆ రోజు మీరందరూ వరండాలో కూర్చున్నారు. గదిలో నేనూ అదీ. రోజూ నేను చూసే నోళ్లన్నీ ప్లాస్టరువి, కరవవు. ఇది కరిచింది. కరిచి, నా ముఖం చూసి, నా వేలు పట్టుకుని ఉఫ్ అని ఊదింది. అప్పటికే నేను లెక్కపెట్టేశాను. ఇరవై పళ్లూ ఉన్నాయి. మూడు నిండని పిల్లకి చివరి పళ్లు అప్పుడప్పుడే వచ్చి అంచులు కొత్తగా ఉండాలి. దీనివి అరిగి ఉన్నాయి. ముందుపళ్ల మధ్య సందులు పడుతున్నాయి. వచ్చే పెద్దపళ్లకి దవడ ముందుగా చోటు చేసి పెడుతోందన్నమాట.

"ఎన్నేళ్లే నీకు?" అని అడిగాను. నాలుగు వేళ్లు చూపించి, "నాలుగు అయిపోయినై" అంది.

వయసు తెలియదని ఆశ్రమంవాళ్లు కాగితాల నిండా రాసుకున్నారు చెల్లాయ్. పిల్లనే అడిగి చూద్దామని ఒక్కరికీ తోచలేదు.

కిటికీలోంచి నువ్వు కనిపించావు. ఒళ్లో సంచి, సంచిలో నువ్వు కుట్టి తెచ్చిన గౌను. రెండేళ్ల పిల్లకి సరిపోయే గౌను. అంతకు ముందు రెండు చోట్ల వయసు ఎక్కువని వద్దనుకుని వచ్చారు. రెండోసారి వచ్చాక నువ్వు నెలరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను తలుపు తెరిచి నాలుగు అంటే, మీ అత్తగారు లేచి చెప్పులేసుకుంటారు. నువ్వు సంచి తీసుకుని ఆవిడ వెనకే నడుస్తావు. ఆ నడక మూడోసారి చూడలేకపోయాను.

దాని నాలుగో వేలు నేనే మడిచాను. "ఎవరడిగినా ఇలా చూపించు. నాలుగంటే తీసుకెళ్లరు. నోరు తెరిచి పళ్లు ఎవరికీ చూపించకు, చూస్తే తెలిసిపోతుంది" అన్నాను. సరేనని తలూపింది. మన ఇంట్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఆ పిల్ల రెండేళ్లు నానబెట్టింది.

వరండాలోకి పంపించేముందు దానికి బాగా గుర్తుండాలని మూడుసార్లు చెప్పించాను కూడా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దానికి ఆరేళ్లు నిండాయి. అబద్ధం నాది, దానిది కాదు. ఈ ఉత్తరం చదవగానే షాపు మూసినా మూయకపోయినా ఇంటికి వెళ్లు.

అన్నయ్య


బైండింగు షాపు
ఆగస్టు 28

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నా కూతురు రెండేళ్లుగా నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే, సిగ్గరి అని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. నువ్వు వచ్చినప్పుడల్లా నా ఎదురుగా కూర్చుని విన్నావు. కాఫీ కూడా తాగావు.

ఇప్పుడు ఇంటికి వెళ్తున్నాను. నువ్వు రాయకు.


ఇంటి నుంచి
సెప్టెంబరు 6

అన్నయ్యకి,

రాయకు అన్నాను గానీ రాయనని అనలేదు. కోపం తగ్గిందనుకోకు. జరిగింది చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు? ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి.

ఆ రోజు ఇంటికి వెళ్లేసరికి వంటింట్లో అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు, పిడుగు పక్కన కూర్చుని గింజలు ఏరుతోంది. అత్తగారు లేచి వెళ్లాక అడుగుదామనుకున్నాను. ఆవిడ లేవలేదు. ఆగలేక, "మామయ్య నీకేం చెప్పాడే?" అని అడిగేశాను.

అది నా ముఖం చూసింది. కుడిచేతి నాలుగు వేళ్లు ఎత్తి, ఎడమచేత్తో ఒక వేలు మడిచింది. మూడు. తర్వాత మెల్లగా, "ఇంకోటి కూడా కదుల్తోంది. ఎప్పుడు పంపించేస్తారు?" అంది. ఊరికి ఎప్పుడు వెళ్దాం అని అడిగినంత మామూలుగా అడిగింది, అన్నయ్యా.

"ఎక్కడికే పంపించేది?" అని అత్తగారు.

"ముందు ఉన్నచోటికి. నాకు మూడు కాదు. పళ్లు ఊడిపోతున్నాయి కదా."

ఇక దాచడానికేముంది? అంతా చెప్పాను. నీ పేరు ఎక్కడా తగ్గించలేదు. పైకప్పు విరిగి మీద పడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. అత్తగారు చేతిలో చిక్కుడుకాయ పళ్లెంలో పెట్టారు. చేతులు కొంగుకి తుడుచుకున్నారు. నోట్లో చెయ్యి పెట్టి పై సెట్టు తీశారు, కింది సెట్టు తీశారు, రెండూ పిల్ల ముందు చిక్కుడు గింజల పక్కన పెట్టారు. ఇంతవరకు ఆవిడ పళ్లు లేకుండా కన్నకొడుక్కి కూడా కనిపించలేదు. తువ్వాలు అడ్డం పెట్టుకుని గానీ కడుక్కోరు.

బోసినోటితో మాట సరిగ్గా రాలేదు. అయినా అందరికీ అర్థమైంది. "ఇదిగో చూడు. నాకు అన్నీ ఊడిపోయినై. ఒక్కటి లేదు. నన్నెవరైనా పంపించారా?"

పిడుగు ఆవిడ నోట్లోకి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. చేత్తో చిగురు తాకి, "నొప్పి పుడుతోందా?" అని అడిగింది. "నీ మామయ్య సెట్టు పెట్టుకుంటే పుడుతుంది, తీస్తే పుట్టదు" అన్నారు. అది నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ముందు పన్ను ఊడిన చోట కొత్తదాని అంచు కనిపిస్తోంది, రంపంలా ఉంది.

తర్వాత నేను అత్తగారిని పక్కకి పిలిచి, మూడేళ్లకి మించితే వద్దని మీరే కదా అన్నారు, జ్ఞాపకాలుంటాయని, అన్నాను. "నేనెప్పుడన్నాను? నాకు గుర్తులేదు" అన్నారు. జ్ఞాపకాలు లేని మనిషి కావాలని అడిగింది ఈవిడే. అలాంటి మనిషి ఇంట్లోనే ఉన్నారు!

నీ మీద మాత్రం కోపంగా ఉన్నారు. పిల్ల వయసు గురించి కాదు. "పసిపిల్ల పళ్ల దగ్గరే అంత అబద్ధమాడినవాడు, నా సెట్టు అలవాటైపోతుందన్నది నిజమేనా?" అని నిలదీస్తున్నారు. దీనికి జవాబు నువ్వే చెప్పుకో.

బడిలో కూడా చెప్పాం. ఒకటో తరగతిలోకి మార్చారు. అక్కడ అందరూ రెండంకెల కూడికలు చేస్తున్నారు, మనదానికి ఎనిమిదో ర్యాంకు. మేధావి కూతుర్ని పోగొట్టుకున్నాను.

నవ్వుతూనే రాస్తున్నాను గానీ, నేను ఇంకా అడగనిది ఒకటుంది. నాలుగేళ్లంటే అన్నీ తెలిసే వయసు. దానికి వాళ్లమ్మ గుర్తుండే ఉంటుంది. అడిగే ధైర్యం నాకు లేదు.

చెల్లెలు


కట్టుడుపళ్ల గది
సెప్టెంబరు 14

చెల్లాయికి,

మీ అత్తగారి సెట్టు ఎప్పటికీ అలవాటు కాదు. అచ్చు తీసినప్పుడే కింద ఒక చోట తేడా వచ్చింది. మళ్లీ చెయ్యాలంటే వారం పని అని అలవాటైపోతుందన్నాను. కొత్తది మొదలుపెట్టాను. క్షమించమని చెప్పు. నువ్వు కూడా.

పిల్లని నువ్వు అడగకు. అడిగితే నీకేం కావాలో చూసి అదే చెబుతుంది. ఆ విద్య నేనే నేర్పాను. అది తనంతట తాను చెప్పే రోజున మాత్రం పని ఆపకుండా విను. ముఖం చూస్తూ వింటే ఆపేస్తుంది.

వయసు కాగితం సరిచేయించడానికి మా డాక్టరుగారికి నిజం చెప్పాను. తిట్టారు. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టారు. పంపిస్తున్నాను.

అన్నయ్య


బైండింగు షాపు
అక్టోబరు 11

అన్నయ్యకి,

కాగితం అందింది. ఆఫీసులో గుమాస్తా, పుట్టిన సంవత్సరం మారుస్తాం సరే, నెలా తేదీ ఏమిటి అన్నాడు. తెలియదన్నాను. ఏదో ఒకటి రాసుకు రమ్మని ఫారం చేతిలో పెట్టాడు. నాలుగు రోజులుగా ఆ ఫారం నా బల్ల మీదే ఉంది. నిన్న సాయంత్రం పిడుగు స్టూలెక్కి దాన్ని కూడబలుక్కుని చదివింది. రెండో పన్ను కూడా ఊడింది కదా, ఈల వేస్తున్నట్టు చదువుతోంది. ఆ పన్ను ఊడిన రోజు వీధి మొదటి నుంచి చివరిదాకా ప్రతి గుమ్మంలోనూ నోరు తెరిచి చూపించి వచ్చింది.

"పు-ట్టి-న తే-దీ" అని చదివి, "నాది మంగళవారం" అంది.

నువ్వు చెప్పినట్టే తలెత్తలేదు. జిగురు రాస్తూనే ఉన్నాను. ఎవరు చెప్పారే అన్నాను.

"మా అమ్మ."

ఆ రెండు మాటలకి నాకు ఏమనిపించిందో నీ దగ్గర దాచను. అసూయ. ముఖం కూడా తెలియని మనిషి మీద. రెండేళ్లుగా నేను తల దువ్వుతున్నాను, స్నానం చేయిస్తున్నాను, జ్వరమొస్తే పక్కన కూర్చుంటున్నాను. ఆ మాట నా గురించే అంటుందని ఒక్క క్షణం ఎదురుచూశాను కూడా. అది నా గురించి కాదు.

అది చెప్పుకుంటూ పోయింది. పుట్టిన రోజు బయట రోడ్డుకి తారు వేస్తున్నారట. వాసన పడక వాళ్లమ్మ కిటికీ మూయమందట. మూసేలోపు పుట్టేసిందట. పుట్టగానే అందరూ ఏడుస్తారు కదా, ఇది తుమ్మిందట. మూడుసార్లు. వాళ్లమ్మకి ఏడుపు ఆగి నవ్వొచ్చిందట. తర్వాత ఎప్పుడో ఆవిడకి దగ్గు ఎక్కువైందట, ఆస్పత్రికి వెళ్లిందట, రాలేదట. అది చెప్పేటప్పుడు కాగితాలు సర్దడం మానలేదు. అంచులు కలిపి, బల్ల మీద తట్టి, పక్కన పెడుతోంది, నేను నేర్పినట్టే.

నాకు చూపు ఆనలేదు. ఆ రిజిస్టరుకి అట్ట తలకిందులుగా వేశాను.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే నాకు?" అన్నాను. గొంతు ఎంత మామూలుగా పెట్టినా దానికి తెలిసిపోయినట్టుంది. స్టూలు దిగి వచ్చి, నా మోచెయ్యి మీద చెయ్యి వేసి, పెద్దదానిలా నచ్చచెప్పింది.

"నువ్వప్పుడు లేవు కదమ్మా. నీకు తెలీదు. అందుకే ఇప్పుడు చెప్తున్నా."

తారు ఏ నెలలో వేస్తారో కనుక్కుని ఫారం నింపాలి.

నీ చెల్లెలు